మోకాలు నాదే, అక్కా

ఆటసామాను గది, బడి వెనక
సోమవారం

అక్కకి,

నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క చదవగానే కళ్లద్దాలు పైకి తోసుకుని "ఏం చేసి చచ్చాడో" అనుకుంటావని తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను. మోకాలు దెబ్బతింది. నాదే.

పిల్లలకి లాంగ్ జంప్ నేర్పుతున్నాను. దూకే ముందు పలక మీద కాలు ఎలా వేయాలో నోటితో చెబితే సరిపోయేదానికి, నలభై నాలుగేళ్ల డ్రిల్లు మాస్టారు గారు స్వయంగా పరుగెత్తి దూకి చూపించారు. ఇసుకలో దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగింది. టక్కుమని చప్పుడు కూడా వినిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, అదీ పాఠంలో భాగమే అనుకున్నట్టున్నారు.

మూడు వారాలైంది. ఇక్కడి ఎముకల డాక్టరు స్కాన్ తీయించి, లోపలివైపు ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంటు సగం చిరిగిందన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదట. పట్టీ వేసుకుని మూడు నెలలు ఆటల జోలికి పోకూడదట. మూడు నెలలు ఎక్కడున్నాయి అక్కా, ఐదు వారాల్లో బడుల మధ్య పోటీలున్నాయి. మాస్టారు కుంటుతూ తిరిగితే పిల్లలకి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

నువ్వు ఇరవై రెండేళ్లుగా ఆ ఇంజెక్షన్ గదిలోనే నర్సుగా ఉంటున్నావు కదా. కోత లేకుండా సూదితో బాగుచేసే మందులు ఉంటాయని నువ్వే చెప్పేదానివి. అందులో త్వరగా పనిచేసేది ఏదో రాయి. ఫోన్ మాత్రం చేయకు. నా ఫోను మీ మరదలు కుట్టుమిషను పక్కనే పెట్టుకుంటుంది. ఈ సంగతి ఇంట్లో తెలిస్తే ఆవిడ నా రెండో మోకాలు కూడా చూసుకుంటుంది. బడి చిరునామాకే రాయి.

నీ తమ్ముడు

*

ఇంజెక్షన్ గది, రెండో అంతస్తు
శుక్రవారం

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత జాలిపడదామనుకున్నాను గానీ ఈలోగా పేషెంట్లు వచ్చేశారు. అందరూ నీ బాపతే. సెలవు రోజున వీరులైపోయి, మర్నాడు పొద్దున్నే మా బెంచీ మీద తేలతారు. ఇవాళ ఒక బ్యాంకు మేనేజరు గారు వచ్చారు. పదిహేనేళ్ల తర్వాత షటిల్ బ్యాటు పట్టుకుని భుజం పాడుచేసుకున్నారు. ఆయన పక్కనాయన కొడుకుతో పరుగు పందెం వేసుకుని చీలమండ మెలిపెట్టుకున్నాడు. కొడుకు గెలిచాడా అని అడిగితే మొహం మాడ్చుకున్నాడు. అందరిదీ ఒకటే పాట, ఆపరేషన్ లేకుండా ఏదన్నా సూది వేసెయ్యండి సిస్టర్ అని. సూదంటే సైకిలు ట్యూబుకి వేసే అతుకు అనుకుంటారు.

సరే, విను. మా దగ్గర ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి స్టెరాయిడ్. రెండు మూడు రోజుల్లో వాపూ నొప్పీ దిగిపోతాయి. అది చిరిగినదాన్ని కలపదు, నొప్పి నోరు నొక్కుతుందంతే. పైగా లిగమెంటు దగ్గర వేస్తే అది ఇంకాస్త బలహీనపడుతుంది కూడా. రెండోది మన రక్తమే. చేతిలోంచి తీసి, గొట్టంలో పోసి, యంత్రంలో గిరగిరా తిప్పితే ఎర్రదంతా అడుక్కి పోయి పైన పసుపుపచ్చ నీరు తేలుతుంది. గాయం మానడానికి పనికొచ్చే కణాలు అందులో దండిగా ఉంటాయి. మా డాక్టరు గారు తెర మీద మోకాలి లోపల చూసుకుంటూ దాన్ని సరిగ్గా చిరిగిన చోట వేస్తారు. వేశాక వారం పాటు నొప్పి ఎక్కువవుతుంది, నొప్పి మాత్రలు మింగకూడదు, ఆపైన నెలల తరబడి ఓపిక పట్టాలి. అంత చేసినా అందరికీ పనిచేస్తుందని మా డాక్టరు గారు కూడా ఒట్టు వేయరు.

ఓపిక అన్నది నీ ఒంట్లో లేదు. నీకు మొదటిది చాలు. నువ్విప్పుడు ఎక్కడికి దూకాలి గనక? లిగమెంటు బలహీనపడితే పడనీ, దాంతో ఇంకెన్ని పతకాలు తెస్తావు? అక్కడే ఎవరిచేతైనా వేయించుకుని, కుర్చీలో కూర్చుని హాయిగా ఈల ఊదుకో. స్కాన్ ఫిల్ము మాత్రం కొరియర్లో పంపు. మా డాక్టరు గారికి ఓసారి చూపిస్తాను.

నా మేనకోడలు పిడుగు ఎలా ఉంది? కిందటిసారి వచ్చినప్పుడు మా వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి దూకి నా పూలకుండీ పగలగొట్టింది. పోటీల్లో ఎంత దూకుతుందో రాయి. మేనత్తకి ఆ మాత్రం తెలియాలి కదా.

నీ అక్క

*

ఆటసామాను గది
గురువారం

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఆశీర్వాదం ఇవ్వమంటే శాపనార్థాలు పెట్టే అక్క ఎంతమందికి దొరుకుతుంది? అయినా నీ మాటే విన్నాను. ఇక్కడ వ్యాయామశాల పైఅంతస్తులో ఆటగాళ్లకి సూదులు వేసే డాక్టరు ఒకాయన ఉన్నాడు. చాలా మంచివాడు, ఎక్కువ ప్రశ్నలు అడగడు. మొదటిరకం వేస్తానన్నాడు. వచ్చే మంగళవారం రమ్మన్నాడు.

రెండు మూడు సందేహాలున్నాయి. వేశాక ఎన్ని రోజులకి దూకొచ్చు? అంటే, నడవొచ్చు అని నా ఉద్దేశం. బరువు తక్కువున్న మనిషికి మోతాదు తగ్గిస్తారా? నేనీ మధ్య కాస్త చిక్కాను. సూది దిగేటప్పుడు బాగా నొప్పెడుతుందా? భయపడే మనిషిని ఎలా మాటల్లో పెట్టాలి? నేను కాస్త భయస్తుణ్ణి కదా.

ఫిల్ము ఇందులోనే పెట్టాను. కవరు చిన్నదైపోయి ఓ మూల కత్తిరించాల్సి వచ్చింది. పేరూ వయసూ ఉన్న మూలే పోయింది గానీ నా పేరు నీకు తెలియనిదా.

పిడుగు బాగానే ఉంది.

నీ తమ్ముడు

*

ఇంజెక్షన్ గది
మంగళవారం

తమ్ముడికి,

ఫిల్ము ఇవాళ పొద్దున వచ్చింది. లైటు పెట్టె మీద పెట్టాను. మూల కత్తిరించి ఉండటం చూసి, వయసు దాచుకునే జబ్బు వీడికెప్పుడు పట్టిందా అని నవ్వుకున్నాను. డాక్టరు గారు టీ తాగుతూ వచ్చి నా వెనక నిలబడ్డారు. చూసి, "ఎవరి పిల్లలది సిస్టర్ ఇది?" అన్నారు.

మా తమ్ముడండీ, డ్రిల్లు మాస్టారు, నలభై నాలుగేళ్లు అని చెప్పాను. ఆయన పెన్ను తీసి ఎముక చివర ఒక గీత చూపించారు. ఎదిగే పిల్లల ఎముకల్లో ఉండే గీత అది. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఎదుగుదల ఆగిపోయాక అది మూసుకుపోతుంది. పెద్దవాళ్లలో కనబడదు. ఈ ఫిల్ములో ఆ గీత విచ్చుకుని ఉంది. నీకు దేవుడు రెండో బాల్యం ఇచ్చి ఉంటే శుభాకాంక్షలు. ఇవ్వకపోతే ఈ మోకాలు పదమూడేళ్ల పిల్లది.

నీకు ఎన్నోసార్లు ఫోన్ చేశాను, ఇవాళ ఫోను నీ వెంటే తీసుకెళ్లినట్టున్నావు. ఎత్తలేదు. బడికి చేస్తే గుమాస్తా, మాస్టారు సెలవు పెట్టి పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారని చెప్పాడు. మీ ఆవిడకి చేశాను. నీ మోకాలికి సూది వేయించుకోవడానికి వెళ్తున్నావనీ, నాన్నకి తోడుగా పిడుగు వెళ్లిందనీ చెప్పింది. పిల్ల కాలికేమైందమ్మా అంటే, ఏదో బెణికింది వదినా, తగ్గిపోయిందట అంది. బాగున్నావా అని అడిగి పెట్టేశాను. రోజుకి ఇరవై మందికి సూది పొడిచేదాన్ని, ఒక్క మాట చెప్పలేకపోయాను.

నువ్వు చేసిన ఘనకార్యం ఏమిటో అర్థమైందా? ఇంకో మూడు రోజుల్లో దానికి నొప్పి పోతుంది. నొప్పి పోతే బాగైపోయిందనుకుంటుంది. దూకుతుంది. ఇప్పుడు సగం చిరిగినది పూర్తిగా తెగుతుంది. అప్పుడు కోత తప్పదు. ఎదిగే ఎముక దగ్గర కోతంటే ఎంతో జాగ్రత్తగా చేయాలి, తేడా వస్తే కాలే వంకర పోవచ్చని డాక్టరు గారు అన్నారు. ఆయన ఎప్పుడూ అలా భయపెట్టే మనిషి కాదు.

నిన్ను తిడుతున్నాను గానీ, బలహీనపడితే పడనీ అని రాసింది నా చెయ్యేరా. నవ్వులాటకి రాశాను. నువ్వు దాన్ని మందుచీటీలా పట్టుకుపోయావు.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. పిల్లని దూకనివ్వకు. పోటీల పట్టికలోంచి పేరు కొట్టించు. మీ ఆవిడకి నీ నోటితో నువ్వే చెప్పు. శనివారం సాయంత్రం దాకా ఆగుతాను. ఆదివారం నేను చెబుతాను. తర్వాత దాన్ని ఇక్కడికి తీసుకురా.

అక్క

*

ఇంట్లో, వంటగది బల్ల మీద
శనివారం

అక్కా,

ఇక బడి చిరునామాకి రాయక్కర్లేదు. మీ మరదలు నా ఎదురుగానే కూర్చుని ఉంది, ఈ ఉత్తరం ఆవిడ చదివాకే పోస్టులో పడుతుంది. అలా ఒప్పందం.

మోకాలు నాది కాదు. నేను దూకి చూపించలేదు. నేను ఈల ఊదాను, పిడుగు దూకింది. పదకొండో దూకుడు అది. దిగి ఇసుకలోనే కూర్చుండిపోయింది. అలిసిపోయింది అనుకున్నాను. లే, ఇంకొక్కటి అన్నాను. లేచింది అక్కా. లేచి వెళ్లి మళ్లీ దూకింది. మర్నాటికి మోకాలు కొబ్బరికాయంత అయింది. ఇంట్లో దానిది బెణుకేనని, సూది నా మోకాలికని చెప్పాను. నీకు నాది అని రాశాను. దానిదని రాస్తే నువ్వు ముందు అడిగే ప్రశ్న, నువ్వక్కడ ఏం చేస్తున్నావురా అని. ఫోన్లో నా గొంతు వింటే ఆ ప్రశ్న అడక్కుండానే జవాబు తెలిసిపోతుంది నీకు. అందుకే ఉత్తరం.

పోటీలో గెలిస్తే దాన్ని ఆటల హాస్టల్లో తీసుకుంటారు. మంచి మైదానం, మంచి కోచ్. దానికోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నేనే నమ్మేంత బాగా చెప్పుకున్నాను, నేను మాస్టార్ని కదా.

మంగళవారం సూది పడింది. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అప్పటికి నొప్పి పోయింది. నాన్నా తగ్గిపోయింది చూడు అని బడి వరండాలో గెంతుతూ చూపించింది. నేను కూడా మురిసిపోయాను. నీ ఉత్తరం చించి చదువుతున్నప్పుడు అది మైదానంలో పరుగు కోసం అడుగులు కొలుచుకుంటోంది. నేను ఈల ఊదుతానని నావైపు చూస్తోంది. ఉత్తరం పట్టుకుని పరుగెత్తాను. ఈ మధ్య నేను పరుగెత్తింది అదొక్కసారే.

దూకొద్దు అన్నాను. ఎందుకంది. చెప్పాను, మొత్తం. ఆ సూది బాగుచేసేది కాదని, నొప్పి తెలియకుండా చేసేదని, నాకు ముందే తెలుసని. అది ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. "నీకు తెలిసే వేయించావా నాన్నా?" అంది. సంచీ తీసుకుని ఇంటికి నడిచి వెళ్లిపోయింది. నేను వెనకాల నడిచాను.

పట్టికలోంచి పేరు నేనే కొట్టేశాను. ప్రధానోపాధ్యాయుడు కారణం రాయమంటే, మాస్టారి తెలివి అని రాశాను. గాయం అని మార్చి రాయించుకున్నాడు.

మీ మరదలు నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు. మిషను మాత్రం ఆగకుండా కుడుతోంది. బుధవారం బస్సుకి ముగ్గురం వస్తున్నాం.

తమ్ముడు

*

ఇంజెక్షన్ గది
సోమవారం

తమ్ముడికి,

క్షేమంగా చేరారని మీ ఆవిడ ఫోన్ చేసింది. మీ ఆవిడ నాతో మాట్లాడుతుంది, నీతో మాట్లాడకపోవడం గురించే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ రోజు గది బయట నువ్వు సంచీలు పట్టుకుని నిలబడి ఉన్నావు కాబట్టి లోపల జరిగింది రాస్తున్నాను. డాక్టరు గారు నీకు చెప్పింది సగమే.

డాక్టరు గారు తెర మీద మోకాలంతా చూశారు. చిరుగు పెరగలేదు. ఆ వ్యాయామశాల మహానుభావుడు వేసిన మందు ఇంకొన్ని వారాలు ఉంటుంది, అందాకా నొప్పి లేదు కదా అని ఎవరూ సంబరపడొద్దన్నారు. సొంత రక్తం సూది వేద్దామా అని నేనే అడిగాను. వద్దన్నారు. ఈ వయసులో, ఈ లిగమెంటు, సగమే చిరిగింది, దాన్ని దాని మానాన వదిలేస్తే అదే అతుక్కుంటుంది, నా సూది దీనికేం చేస్తుంది అన్నారు. పట్టీ, రోజూ వ్యాయామాలు, మూడు నెలలు. మొదట మీ ఊరి డాక్టరు చెప్పింది కూడా ఇదే కదరా. సూదులు వేసి బతికే చోట సూది వద్దనిపించుకోవడానికి బస్సులో అంత దూరం వచ్చారు. అప్పటికీ అతుక్కోకపోతే చూద్దామన్నారు.

ఇక రెండో సగం. డాక్టరు గారు వెళ్లాక పిడుగూ నేనూ ఉన్నాం. ఇంకో పేషెంటు రక్తం యంత్రంలో తిరుగుతుంటే చూస్తూ కూర్చుంది. కాలు వంచమ్మా అన్నాను. వంచింది. పళ్లు బిగబట్టింది. నొప్పి పూర్తిగా పోలేదన్నమాట. నొప్పిగా ఉందా అంటే లేదంది. నా దగ్గర కూడానా అన్నాను. అప్పుడు చెప్పింది. ఆ పదకొండో దూకుడుకి ముందే రెండు వారాలుగా మోకాలు లాగుతోందట. ఎందుకు చెప్పలేదే అంటే, "నొప్పి అంటే నాన్న మొహం ఎలాగో అయిపోతుంది అత్తా, అందుకే అనను" అంది.

ఇది నీకు రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. రాయకుండా ఉంటే నీకు హాయి. కానీ మనింట్లో ఒకళ్ల హాయి కోసం ఒకళ్లం దాచుకుంటూ వచ్చింది చాలు. బాధపడు. పడ్డాక లేచి దాని చేత వ్యాయామాలు చేయించు. ఈల ఊదకు.

నీ అక్క

*

ఇంట్లో
ఆదివారం

అక్కకి,

చాలా రోజులైంది. నాలుగు నెలల తర్వాత రాసే ఉత్తరం మంచి కబురుతో మొదలుపెడదామని ఆగాను. కొత్త స్కాన్ వచ్చింది. అతుక్కుంది. ఈసారి ఫిల్ము మూలలు నాలుగూ ఉన్నాయి, పిడుగే కవరులో పెట్టి నీకు పంపింది. ఇక్కడి ఎముకల డాక్టరు చూసి మెల్లగా దూకడం మొదలుపెట్టొచ్చన్నాడు. నన్ను చూసి, మీ మోకాలు ఎలా ఉంది మాస్టారూ అని అడిగాడు. నా అబద్ధం ఊరంతా పాకింది, అందరూ అదే అడుగుతున్నారు. కూరగాయలమ్మే ఆవిడ కూడా అడిగింది.

మూడు నెలలూ రోజూ వ్యాయామాలు చేయించాను. మొదటి నెల నాతో లెక్క తప్ప మాట లేదు. ఒకటి, రెండు, మూడు, పది దాకా, మళ్లీ మొదటినుంచి. రెండో నెలలో తిట్టడం మొదలుపెట్టింది. అచ్చం నీ నోరే దానిది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

దూకొచ్చని డాక్టరు చెప్పిన రోజు ఇంటికొస్తూ దారిలో నాతో అంది, పక్క బడి మేడం దగ్గర నేర్చుకుంటాను నాన్నా అని. అడగలేదు, చెప్పింది. ఇంట్లో నువ్వు నాన్నవి, మైదానంలో వద్దు అంది. నేను సరే అన్నాను. చాలా మర్యాదగా సరే అన్నాను, తర్వాత సామాను గదిలోకి పోయి బంతులన్నీ ఒకసారి తన్నాను. పదహారేళ్లుగా ఊళ్లో పిల్లలందరికీ నేర్పాను. నా పిల్లకి నేను పనికిరాను. అక్కా, అది న్యాయమే. న్యాయం అయినంత మాత్రాన నొప్పి లేకుండా పోదు. దీనికి మీ గదిలో సూది ఉందేమో అని అడగను, ఉంటే వేయించుకునే రకాన్నే నేను.

నిన్న మొదటిసారి దాన్ని పక్క బడి మైదానానికి తీసుకెళ్లాను. తల్లిదండ్రులు కూర్చునే మెట్ల మీద కూర్చున్నాను. నా పక్కన ఒకాయన కొడుకు మీద అరుస్తున్నాడు, మోకాళ్లు పైకెత్తరా అని. ఆయన్ని చూస్తే అద్దంలో చూసుకున్నట్టే ఉంది. లేచి అవతల మెట్టు మీదకి పోయాను.

అది నాలుగుసార్లు దూకింది. ఎంత దూకిందో నాకు తెలియదు, కొలిచేది ఆ మేడం. ఐదోసారి పరుగు మొదలుపెట్టి సగంలో ఆగింది. నేను లేచి నిలబడ్డాను. అది నావైపు చూడలేదు. మేడం దగ్గరికి నడిచి వెళ్లి, మామూలుగా, నీళ్లు కావాలి అన్నంత మామూలుగా, "మేడం, కొంచెం నొప్పిగా ఉంది" అంది.

ఆవిడ తల కూడా పూర్తిగా ఎత్తలేదు. "సరే, ఇవాళ్టికి చాలు, వెళ్లి కూర్చో" అంది.

అంతే అక్కా. అంత తేలిక. అది వచ్చి నా పక్కన కూర్చుని మోకాలికి మంచు సంచీ పెట్టుకుంది. నేను ఏడుస్తున్నానని చూసి, ఏంటి నాన్నా, నాకేం కాలేదు అంది. తెలుసమ్మా అన్నాను.

నీ తమ్ముడు